గడ్డికోత యంత్రం బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం స్టార్ట్ కాకపోతే మొదటి నింద బ్యాటరీ మీదే పడుతుంది. మరమ్మతుకు వచ్చే యంత్రాల్లో చాలావాటికి అప్పటికే కొత్త బ్యాటరీ బిగించి ఉంటుంది. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అపోహ: తాళం తిప్పితే ‘టక్’మని ఆగిపోతోంది, బ్యాటరీ పోయినట్లే.

వాస్తవం: ఆ చప్పుడు సొలినాయిడ్‌ది, అంటే తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్‌ది. అది పనిచేసింది కానీ సెల్ఫ్ మోటారుకు చాలినంత కరెంటు అందలేదని మాత్రమే దాని అర్థం. ఛార్జింగ్ దిగిపోయి ఉండవచ్చు, టెర్మినళ్లకు తెల్లటి ఉప్పు పట్టి ఉండవచ్చు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు వదులై ఉండవచ్చు, సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు. తేల్చడానికి వోల్టులు కొలిచే ఒక మామూలు మల్టీమీటర్ చాలు.

బండి ఆపి కొన్ని గంటలయ్యాక చూస్తే, నిండుగా ఛార్జ్ అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 లేదా ఆపైన చూపాలి. 12.2 అంటే దాదాపు సగం. అయితే ఆ ఒక్క అంకెనే నమ్మకండి. నిండా ఛార్జ్ చేశాక, తాళం తిప్పుతుండగా చూడండి. 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీలో సత్తువ లేదు. 12కు పైనే నిలబడి, సెల్ఫ్ మాత్రం కదలకపోతే బ్యాటరీని వదిలి వైర్ల వెంట వెళ్లాలి. మీటరు ఒక మొనను బ్యాటరీ సీసపు పోస్టుకు, రెండోదాన్ని ఆ పోస్టుకు బిగించిన వైరు కొసకు ఆనించి మరొకరితో తాళం తిప్పించండి. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన అంకె అర వోల్టు చూపిందంటే దొంగ దొరికినట్లే. నెగటివ్ వైరు ముందుగా విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో ఉప్పు కడిగి, వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి బిగించండి. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ ఛాసిస్‌కు తగిలి నిప్పులు రాలతాయి. బిగించేటప్పుడు నెగటివ్ చివరన.

అసలు టక్ కూడా వినిపించకపోతే ఫ్యూజుతో పాటు సీటు కింద, బ్రేకు దగ్గర, బ్లేడు మీట దగ్గర ఉండే భద్రతా స్విచ్‌లను చూడండి.

ఇంజిన్ సగం తిరిగి ఒకచోట బిగుసుకున్నట్లు ఆగితే అది వేరే కథ. ఈ ఇంజిన్లలో స్టార్ట్ చేసే సమయంలో వాల్వును కొద్దిగా తెరిచి ఒత్తిడి తగ్గించే ఏర్పాటు ఉంటుంది. వాల్వుకూ దాన్ని నెట్టే మీటకూ మధ్య సందు పెరిగిపోతే అది పనిచేయదు, మంచి బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది. సందు కొలిచే పలుచటి రేకుల ఫీలర్ గేజ్‌తో సందు సరిచేస్తే పోయే ఈ చిక్కుకు ఎన్ని మంచి బ్యాటరీలు బలవుతాయో!

అపోహ: కాసేపు గడ్డి కోస్తే అదే ఛార్జ్ అయిపోతుంది.

వాస్తవం: కారు ఆల్టర్నేటర్‌తో దీన్ని పోల్చలేం. కొన్ని చిన్న ఇంజిన్లు ఇచ్చేది 3 ఆంపియర్లే. బ్లేడును తిప్పడానికి కరెంటుతో పనిచేసే క్లచ్ ఉన్న యంత్రాల్లో ఆ క్లచ్చే నాలుగైదు ఆంపియర్లు తింటుంది కాబట్టి వాటి ఇంజిన్‌కు ఛార్జింగ్ సామర్థ్యం ఎక్కువే ఇస్తారు. అయినా ఆ ఏర్పాటు, స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటును తిరిగి నింపడానికే. పూర్తిగా దిగిపోయినదాన్ని విడిగా ఛార్జర్‌తోనే నింపాలి. ఇంత చిన్న బ్యాటరీకి 2 ఆంపియర్ల ఛార్జర్ రాత్రంతా పెట్టడమే మేలు. గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా పెట్టండి, హైడ్రోజన్ వాయువు వస్తుంది.

అపోహ: సిమెంటు నేల మీద పెడితే ఛార్జింగ్ కారిపోతుంది.

వాస్తవం: పాతకాలపు బ్యాటరీ పెట్టెల సంగతి అది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు సిమెంటుతో పేచీ లేదు. బ్యాటరీ ఎక్కడ పెట్టినా వాడకుండా ఉంటే తనంతట తానే దిగుతుంది. అలా దిగినదాన్ని నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా నిలవదు. చలి ప్రాంతాల్లో అయితే ఖాళీ బ్యాటరీ సున్నాకు కొన్ని డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగులుతుంది. నిండుగా ఉన్నది గట్టి చలినైనా తట్టుకుంటుంది. వాడని నెలల్లో నెగటివ్ వైరు తీసి, ఛార్జ్ నిండాక తనంతట తగ్గించుకునే మెయింటెయినర్ తగిలించండి.

అపోహ: నీళ్లు తగ్గితే యాసిడ్ పోయాలి.

వాస్తవం: ఆవిరయ్యేది నీరే, యాసిడ్ కాదు. డిస్టిల్డ్ వాటరే పోయండి. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంతవరకే పోసి, ఛార్జ్ అయ్యాక మిగతాది నింపండి. మూసివేసిన రకాలకు ఆ పనే లేదు.

అపోహ: ఎక్కువ ఆంపియర్ల బ్యాటరీ పెడితే సెల్ఫ్ కాలిపోతుంది.

వాస్తవం: కాలదు, వోల్టులు 12 అయితే చాలు. మోటారు తనకు కావలసినంతే లాక్కుంటుంది. కొనేముందు చూడాల్సింది టెర్మినళ్ల దిశ. ఈ యంత్రాల్లో ఎక్కువగా కనిపించే యూ1 సైజులో రెండు రకాలుంటాయి. టెర్మినళ్లు మన వైపు ఉన్నప్పుడు పాజిటివ్ కుడివైపు ఉంటే యూ1ఆర్, ఎడమవైపు ఉంటే యూ1ఎల్. తారుమారైతే వైరు అందక లాగి బిగిస్తారు, లేదా పాజిటివ్ పోస్టు సీటు కింది రేకుకు దగ్గరవుతుంది. గతుకుల్లో ఆ రెండూ తాకితే కాలేది వైరింగు.