చిగుళ్ళ నొప్పికి చల్లటి గుడ్డ చాలు

ఆరో నెల దాటిన పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే పళ్ళొస్తున్నాయంటారు. నాలుగు విరేచనాలు ఎక్కువైతే పళ్ళే. రాత్రంతా ఏడిస్తే పళ్ళే. చివరికి దగ్గు పట్టుకున్నా ఆ నేరం పళ్ళ మీదికే పోతుంది. పై పన్ను ముందు కనిపిస్తే మేనమామకు గండమని ఇంకో టెన్షన్. చాలామందికి కింద ముందు పళ్ళు రెండూ మొదట వస్తాయి, కొందరికి పైవి వస్తాయి. మేనమామలకు దాంతో పనేమీ లేదు.

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. 1839లో ఇంగ్లండ్, వేల్స్ మరణాల లెక్కల్లో 5,016 మంది చావుకు కారణం ‘పళ్ళు రావడం’ అని రాసుకున్నారు. ఆ రోజుల్లో పసివాళ్ళను తీసుకుపోయినవి అంటురోగాలు, విరేచనాలు, కలుషితమైన పాలు. అవన్నీ పళ్ళొచ్చే వయసులోనే మీద పడేవి కాబట్టి నింద పళ్ళకు వచ్చింది. నింద వచ్చాక వైద్యమూ రావాలి కదా. 16వ శతాబ్దంలో ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే, చిగురును కత్తితో కోసి పన్నుకు దారి ఇవ్వాలన్నాడు. ఆ కోత 19వ శతాబ్దంలోనూ సాగింది. తర్వాత పాదరసం కలిసిన పొడులు వచ్చాయి. వాటిని నాకిన పిల్లల్లో కొందరికి చేతులు, కాళ్ళు గులాబీ రంగుకు తిరిగి, తోలు ఊడి, వెలుతురు చూడలేకపోయేవారు. ఇది పాదరసం పనే అని 1940ల్లో అమెరికాలోని సిన్సినాటిలో పిల్లల వైద్యుడు జోసెఫ్ వార్కనీ తేల్చాడు. 1954లో బ్రిటన్‌లో ఆ పొడుల నుంచి పాదరసాన్ని తీసేశాక ఆ జబ్బు దాదాపుగా కనిపించకుండా పోయింది. పన్ను ఎవరినీ చంపలేదు. పన్నుకు చేసిన వైద్యం మాత్రం కొందరిని చంపింది.

అసలు పన్ను ఎలా బయటికి వస్తుందో చూస్తే ఆ కత్తి ఎంత అనవసరమో తెలుస్తుంది. పాలపళ్ళు మొత్తం 20. తల్లి కడుపులో ఆరో వారానికే వాటి పని మొదలవుతుంది. ఒక్కో పన్ను చుట్టూ పల్చటి సంచిలాంటి పొర ఉంటుంది. దారి చేసేది ఆ పొరే. అది పంపే సంకేతాలకు ఎముకను కరిగించే కణాలు వచ్చి చేరి, పన్ను పైనున్న దవడ ఎముకను కొంచెం కొంచెంగా తినేస్తాయి. శాండీ మార్క్స్, డొనాల్డ్ కాహిల్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1980ల్లో కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. దవడలో పెరుగుతున్న పన్నును తీసేసి, చుట్టూ ఉన్న పొరను అలాగే ఉంచి, లోపల లోహపు నమూనా పన్ను పెట్టారు. అది కూడా వేళకు పైకి వచ్చింది! పొరను తీసేస్తే మాత్రం అసలు పన్నయినా కదల్లేదు.

ఎముక దాటాక మిగిలేది చిగురు. దాన్ని కూడా పన్ను కత్తిలా చీల్చుకుని రాదు. పన్ను మీది పొర, చిగురు లోపలి పొర ఒకదానికొకటి అతుక్కుంటాయి. మధ్యలోని కణాలు వాటంతటవే చనిపోయి చిన్న దారి తెరుచుకుంటుంది. అందుకే సాధారణంగా రక్తం రాదు. ఒక్కోసారి అక్కడ నీలంగా బుడిపె లేస్తుంది, చూడగానే భయమేస్తుంది గానీ పన్ను బయటపడగానే అదే పోతుంది. దాన్ని గుచ్చకూడదు. ఈ పనంతా జరిగే చోట వాపు పుట్టించే రసాయనాలు చేరతాయి కాబట్టి చిగురు ఎర్రబడి సలుపుతుంది. పసిదానికి ఆ సలుపు నిజమే. కాకపోతే చిన్నది.

ఎంత చిన్నదో అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు 2000లో లెక్కగట్టారు. 125 మంది పిల్లల తల్లిదండ్రులు రోజూ జ్వరం చూసి, లక్షణాలు రాసి పెట్టారు. అలా 475 పళ్ళ వివరాలు దొరికాయి. పన్నుతో కలిసి వచ్చినవి చొంగ, కనిపించినదల్లా కొరకడం, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, చెవి పట్టుకోవడం, ఘనాహారం వద్దనడం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం. అవి కూడా పన్ను కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకే, అంటే మొత్తం ఎనిమిది రోజులు. విరేచనాలు, వాంతులు, దగ్గు, తీవ్ర జ్వరం పన్నుతో కలవలేదు.

చొంగ సంగతీ పూర్తిగా పళ్ళది కాదు. మూడు నాలుగు నెలలకే లాలాజలం బాగా ఊరడం మొదలవుతుంది, దాన్ని మింగే నేర్పు ఇంకా రాదు. గుప్పిళ్ళు నోట్లో పెట్టుకోవడం కూడా ఆ వయసు ఆటే. ఆ చొంగతోనే గడ్డం, మెడ ఒరిసి ఎర్రబడతాయి. మెత్తటి గుడ్డతో అద్ది తుడిచి, కాస్త వాసెలిన్ రాస్తే సరిపోతుంది.

ఇక చిగురు సంగతి. చల్లదనం, ఒత్తిడి, ఈ రెండే నమ్మదగ్గ మందులు. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుని వాపు తగ్గుతుంది, నొప్పి కబురు మోసే నరాలు నెమ్మదిస్తాయి. ఒత్తిడి పనిచేసే తీరు ఇంకా ఆసక్తికరం. దెబ్బ తగిలిన చోట మనం వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా. ఆ స్పర్శ మోసే సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. చిక్కినదల్లా కొరికే పిల్ల చేస్తున్నదీ అదే.

కాబట్టి శుభ్రమైన నూలు గుడ్డను తడిపి, పిండి, ముడి వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో కాదు, గడ్డకట్టినది లేత చిగురును గాయం చేస్తుంది. అరగంట తర్వాత ఇచ్చి, కొరుకుతున్నంతసేపూ పక్కనే ఉండండి. టీథర్ (పసివాళ్ళు కొరికే బొమ్మ) కొంటే లోపల నీళ్ళు, జెల్ లేని గట్టి రబ్బరుది చూడండి. ఏమీ దొరక్కపోతే చేతులు సబ్బుతో కడుక్కుని, గోరు కత్తిరించిన వేలితో చిగురు మీద మెల్లగా ఒత్తుతూ రుద్దండి, ఒకటి రెండు నిమిషాలు. మొదట మొహం చిట్లించినా కాసేపటికి ఆ వేలినే పట్టుకుని కొరుకుతుంది. పచ్చి క్యారెట్, ఆపిల్ ముక్కలు చేతికివ్వకండి, విరిగి గొంతుకడ్డం పడతాయి.

చిగురు మీద రాసే వాటి విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు, చెప్పింది అమ్మమ్మయినా సరే. ఏడాది లోపు పిల్లకు తేనె నాకించకూడదు. అందులో ఉండగల బొటులినం అనే బ్యాక్టీరియా బీజాలు పసి పేగులో మొలకెత్తి కండరాలు చచ్చుబడేలా చేయగలవు. తేనెలో వెలిగారం కలిపి నోట్లో రాయడం ఇంకా ప్రమాదం, దానివల్ల ఫిట్స్ వచ్చిన పసివాళ్ళున్నారు. లవంగ నూనె పెద్దవాళ్ళ పంటికి సరే, పసిదాని కడుపులోకి పోతే కాలేయానికి దెబ్బ. మందుల షాపులో దొరికే నొప్పి జెల్‌లదీ అదే కథ. చిగురు మీద రాసింది కొద్ది నిమిషాల్లో చొంగతో కొట్టుకుపోయి కడుపులో పడుతుంది. తిమ్మిరెక్కించే బెంజోకైన్ ఉన్నవి రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితిని తెచ్చిపెట్టగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించి, రెండేళ్ళ లోపు పిల్లలకు వాడొద్దంది. అలాంటిదే అయిన లిడోకైన్‌ది ఇంకో ప్రమాదం, మోతాదు మించితే ఫిట్స్. అంబర్ పూసల దండ మెడలో వేస్తే పన్ను నొప్పి తగ్గదు గానీ అది మెడకు బిగుసుకుని పసిప్రాణం పోయిన సందర్భం ఉంది.

నిజంగా నిద్ర పట్టనంత బాధైతే డాక్టర్ చెప్పిన పారాసెటమాల్ ఒక డోసు. ఇక్కడే మనవాళ్ళు పొరపడతారు. డ్రాప్స్ సీసాలో సాధారణంగా ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 ఉంటుంది, కొన్నింటిలో 250. డోసు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఎనిమిది కిలోల పిల్లకు డ్రాప్స్ అయితే ఒక మిల్లీలీటర్, 125 సిరప్ అయితే నాలుగు. సిరప్ లెక్క డ్రాప్స్‌కు వాడితే నాలుగింతల మందు పడుతుంది. సీసా మీద అంకె చదవండి, చెంచాతో కాకుండా సిరంజితో కొలవండి, రోజుకు నాలుగు డోసులు దాటించకండి.

మరి ఆ విరేచనాలు? అమ్మ కడుపులో ఉండగా అందిన రక్షణ ఆరో నెల నాటికి తరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే అన్నప్రాసన, అప్పుడే పాకడం, నేల మీది ప్రతి వస్తువూ నోట్లోకి పోవడం. పన్నూ అదే వేళకు వస్తుంది. కాబట్టి విరేచనమైతే పన్నుకోసం ఎదురుచూడకుండా వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి, పాలు ఆపకూడదు, జింక్ కోసం డాక్టర్‌ను అడగాలి. ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది జ్వరమే. నోట్లో బొబ్బలు కనిపించి పాలు కూడా తాగకపోతే అది హెర్పెస్ వైరస్ కావచ్చు, దానికి చల్లటి గుడ్డ చాలదు.

ముందు పళ్ళ గొడవ తీరాక కాస్త విరామం దొరుకుతుంది. ఏడాది దాటాక దవడ పళ్ళు మొదలవుతాయి. అవి వెడల్పైనవి, వెనకెక్కడో వస్తాయి, చిన్న టీథర్ అక్కడిదాకా చేరదు. అప్పటికి ముందు పళ్ళు పదునుగా ఉంటాయి కాబట్టి వేలు పెట్టేముందు ఆలోచించుకోండి. తడి గుడ్డ కొస ఒకటి దవడ చివరికి అందేలా పెట్టి, రెండో కొస మీ చేతిలో గట్టిగా పట్టుకోవడం మేలు.