నాలుకను కొరికే పండు, మోకాలి నొప్పి

అమ్మకు నాలుగేళ్లుగా మోకాళ్ల నొప్పులు. వయసులో ఉండగా ఊడ్పుల్లో రోజంతా బురదలో నిలబడిన మనిషి, ఇప్పుడు పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఈమధ్య పక్కింటావిడ “రోజూ అనాసపండు తినండి పిన్నిగారూ, మాత్రలక్కర్లేదు” అందట. అప్పట్నుంచి నేను రావులపాలెం వెళ్తే సంచిలో అనాస లేకుండా ఇంటికి రాకూడదు.

అనాస తిన్నాక నాలుక చిమచిమలాడుతుంది కదా, పులుపు వల్లే అనుకుంటాం. పులుపు పాత్ర కొంతే. అందులో బ్రోమలైన్ అని ప్రొటీన్లను కోసే ఎంజైముల గుంపు ఒకటుంది. మనం పండును నములుతుంటే అది మన నాలుక పైపొరను నములుతూ ఉంటుందన్నమాట. నమ్మకం లేకపోతే పెరుగులో నాలుగు పచ్చి ముక్కలు వేసి కాసేపు వదిలేయండి. పాల ప్రొటీన్లు తెగి పెరుగు చేదెక్కుతుంది. అవే ముక్కల్ని బాగా ఉడికించి, చల్లార్చి వేస్తే చేదు రాదు, వేడికి ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి. ముదురు మాంసం త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తామే, అందులోని పపైన్‌దీ ఇదే పని.

కాబట్టి పక్కింటావిడ సలహా గాల్లోంచి ఊడిపడలేదు. దెబ్బ తగిలినా, ఆపరేషన్ అయినా వాపు తగ్గడానికి డాక్టర్లు రాసే మాత్రల్లో ట్రిప్సిన్ అనే మరో ఎంజైముతో పాటు బ్రోమలైన్ ఉన్నవీ ఉన్నాయి. కాకపోతే ఆ సరుకు ఎక్కువగా మొక్క కాండం నుంచి తీసింది. కడుపులోని ఆమ్లానికి పాడవకుండా మాత్రకు పైపూత కూడా వేస్తారు. పళ్లెంలో కోసుకున్న ముక్కలకు ఆ పూత ఎక్కడిది? పైగా పండు మధ్యలో ఉండే గట్టి బొడ్డులోనూ బ్రోమలైన్ ఉంటుంది, మనం దాన్నే కోసి పారేస్తాం. అసలు మాత్రలు ఇచ్చి చేసిన పరీక్షల్లోనే మోకాలి అరుగుదలకు ఫలితం ఒకచోట బాగుంది, ఇంకోచోట లేదు.

వాపు అంటే ఏమిటో మా ప్రాంతం వాళ్లకు తేలిగ్గానే చెప్పొచ్చు. వరదలో గట్టు తెగితే ఎవరో కేక వేస్తారు, ఊరంతా ఇసుక బస్తాలతో పరిగెత్తుతుంది. ఆ తొక్కిడికి పక్క చేను పాడైనా గట్టు మాత్రం నిలుస్తుంది. ఒంట్లో ఆ కేక వేసేవాటిలో ముఖ్యమైనవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఆస్పిరిన్ వాటి తయారీనే ఆపేస్తుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చాడు, 1982లో నోబెల్ అందుకున్నాడు. నోటిని ఊదా రంగు చేసే నేరేడులోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు కూడా ప్రయోగశాలలో కణాల మీద వాపును తగ్గిస్తాయి. కానీ తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది చాలా కొద్ది. పండును మాత్రతో పోటీకి నిలబెట్టడం నాకైతే సరిగా అనిపించదు.

మోకాలికి పండు చేసే మేలు వేరే దారిలో వస్తుంది. బరువు ఒక్క కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. సాయంత్రం పకోడీల పొట్లం స్థానంలో ఒక జామకాయ తింటే జరిగేది అదే. జామకాయను జామకాయగానే తినాలి. రసం తీసి పంచదార వేస్తే లెక్క తిరగబడుతుంది. అందులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర రక్తంలో యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, ఆ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే గౌట్ ఉన్నవాళ్ల కాలి బొటనవేలికి అది అసలు పడదు.

ఇంకొకటి, కోనసీమలో దీన్ని ఎవరూ చెప్పగా నేను వినలేదు. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం బీపీ మందు ఫెలోడిపిన్ మీద మద్యం ప్రభావం చూస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపింది. మందు రక్తంలో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తేలింది. మందును విరగ్గొట్టే పేగుల్లోని ఎంజైమును ఆ రసం పనిచేయనివ్వదు. ఆ గ్రేప్‌ఫ్రూట్‌కు కన్నతల్లి మన పంపరపనసే, ఆ గుణం దీనిలోనూ ఉంది. కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్లు తొనలు ఒలిచే ముందు డాక్టర్ని అడగాలి.

ఇదంతా అమ్మకు చెబితే తన మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. చవితికి పాలవెల్లికి కట్టిన పంపరపనస వైపు చూసి, “అయితే అడిగొచ్చేదాకా అది వినాయకుడికే ఉండనీ” అంది.