ఒక్క ఎలక్ట్రాన్ కోసం నిశ్శబ్దమైన సిలికాన్

2007లో బెర్లిన్‌లోని ఒక స్ఫటిక పరిశోధనశాలలో దాదాపు ఐదు కిలోల సిలికాన్ స్ఫటికాన్ని పెంచారు. దానిలోని పరమాణువులలో 99.99 శాతం పైగా ఒకే ఐసోటోపుకు (ఒకే మూలకంలో బరువును బట్టి తేడా ఉండే పరమాణు రకాలలో ఒకదానికి), అంటే సిలికాన్-28కి చెందినవి. కిలోగ్రాముకు కొత్త నిర్వచనం ఇవ్వాలని పూనుకున్న కొలతల శాస్త్రవేత్తలు ఆ స్ఫటికం నుంచి కిలో బరువుండే నున్నని గోళాలను చెక్కించి, వాటిలో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కగట్టారు. వేర్వేరు బరువుల పరమాణువులు కలగలిసి ఉంటే ఆ లెక్కలో అనిశ్చితి పెరుగుతుంది కనుక వారికి ఒకే ఐసోటోపు కావలసి వచ్చింది. అదే ప్రాజెక్టు కోసం తయారైన సిలికాన్ ముక్కలు తరువాత వేరొక పనికి మరికొందరి చేతికి చేరాయి. ఎలక్ట్రాన్ స్పిన్ తన స్థితిని ఎంతసేపు నిలుపుకోగలదో కొలిచేవారికి ఆ ముక్కలలో ఒక అసాధారణ గుణం కనిపించింది. అందులో ఎలక్ట్రాన్‌ను కదిలించే అలికిడి దాదాపుగా లేదు.

ఎలక్ట్రాన్‌కు ఆవేశంతో పాటు పుట్టుకతో వచ్చిన ఒక చిన్న అయస్కాంత గుణం ఉంటుంది. దానికి మూలమైన ధర్మాన్నే స్పిన్ అంటారు. పేరులో తిరగడం ఉన్నా బొంగరంలా నిజంగా ఏదీ తిరగదు. ఆ పేరు 1925 నాటి ఊహకు మిగిలిన గుర్తు మాత్రమే. బయటి అయస్కాంత క్షేత్రంలో ఉంచినప్పుడు ఎలక్ట్రాన్‌కు రెండు శక్తి స్థాయిలు ఏర్పడతాయి. కింది స్థాయిని సున్నా అని, పై స్థాయిని ఒకటి అని పిలుచుకుంటే అదే ఒక క్యూబిట్, అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే మూల ప్రమాణం. ఒక టెస్లా క్షేత్రంలో ఈ రెండు స్థాయిల మధ్య తేడా సుమారు 28 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి సరిపోతుంది. సరిగ్గా ఆ పౌనఃపున్యంలో తగినంతసేపు మైక్రోవేవ్‌ను పంపితే స్పిన్ సున్నా నుంచి ఒకటికి మారుతుంది, సగంలో ఆపితే రెండింటి మిశ్రమ స్థితిలో నిలుస్తుంది. ఆ మిశ్రమంలో రెండు భాగాల పాళ్లు ఎంత ముఖ్యమో, వాటి మధ్య ఉండే దశాభేదమూ అంతే ముఖ్యం. చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం రవ్వంత మారినా పౌనఃపున్యం మారి, దశ తప్పి, క్యూబిట్‌లో దాచిన సమాచారం చెదిరిపోతుంది.

ఇలాంటి స్పిన్‌లతో క్వాంటం గణన యంత్రాన్ని కట్టవచ్చని 1998లో రెండు ప్రతిపాదనలు వెలువడ్డాయి. డేనియల్ లాస్, డేవిడ్ డివిన్సెంజో అర్ధవాహకంలో క్వాంటం డాట్లను, అంటే ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే అతి చిన్న చోట్లను ఏర్పరచి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను బంధించాలన్నారు. రెండు డాట్ల మధ్యనున్న విద్యుత్ అడ్డుగోడను కాసేపు తగ్గిస్తే ఎలక్ట్రాన్ల తరంగాలు ఒకదానిపై ఒకటి పరుచుకుని, వాటి స్పిన్‌లు పరస్పరం మారడం మొదలుపెడతాయి. ఆ మార్పును సగంలో ఆపితే రెండు క్యూబిట్లూ విడదీయరాని ఒకే స్థితిలో పెనవేసుకుంటాయి. సిడ్నీలో పనిచేస్తున్న బ్రూస్ కేన్ ప్రతిపాదన మరొకటి. సిలికాన్‌లో ఫాస్ఫరస్ పరమాణువులను ఒక్కొక్కటిగా నాటి, వాటి కేంద్రకాల స్పిన్‌లనే క్యూబిట్లుగా వాడాలని ఆయన సూచించాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, చిప్పుల పరిశ్రమ అంతా సిలికాన్ మీద నడుస్తున్నా క్వాంటం డాట్ల ప్రయోగాలు మొదట సాగింది గ్యాలియం ఆర్సెనైడ్‌లో. అందుకు కారణం లేకపోలేదు. ఆ పదార్థపు పొరలు ఎంతో శుభ్రంగా పెరుగుతాయి, పైగా దానిలో ఎలక్ట్రాన్ తేలికగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది కనుక డాట్లు కాస్త పెద్దవైనా పనిచేస్తాయి, చేయడం సులభం. చిక్కంతా పరమాణు కేంద్రకాలతో వచ్చింది. గ్యాలియం, ఆర్సెనిక్‌ల స్థిర ఐసోటోపులు అన్నింటి కేంద్రకాలకూ స్పిన్ ఉంది, అంటే ప్రతి కేంద్రకమూ ఒక బుల్లి అయస్కాంతమే. డాట్‌లోని ఒక్క ఎలక్ట్రాన్ దాదాపు పది లక్షల కేంద్రకాల మీదుగా పరుచుకుని ఉంటుంది, అవన్నీ ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ మారుతుంటాయి. పెళ్లి పందిట్లో, మేళం పక్కన కూర్చుని తంబురా శ్రుతి చేసుకోవడం లాంటిది ఆ ఎలక్ట్రాన్ పరిస్థితి. 2005లో హార్వర్డ్ బృందం ఇటువంటి డాట్ల జంటపై చేసిన ప్రయోగంలో స్థితి సుమారు 10 నానోసెకన్లలోనే చెదిరిపోయింది.

అదే ప్రయోగంలో వారు వాడిన ఉపాయం ఒకటుంది. త్రాసు ఒక వైపు మొగ్గుతుందని అనుమానం వస్తే సరుకును రెండో పళ్లెంలోకి మార్చి మరోసారి తూచినట్టు, సగం సమయం గడిచాక స్పిన్‌ను తలకిందులు చేస్తారు. మొదటి సగంలో పోగైన తప్పు రెండో సగంలో కొట్టుకుపోతుంది. దీనినే స్పిన్ ఎకో అంటారు. దానితో కాలం మైక్రోసెకను దాకా పెరిగింది. అయినా పళ్లేలు మార్చే లోపలే త్రాసు మొగ్గు మారుతుంటే ఈ ఉపాయం ఫలించదు, కేంద్రకాల విషయంలో కొంతకాలానికి జరిగేది అదే.

సిలికాన్ కథ వేరు. ప్రకృతిలో దొరికే సిలికాన్‌లో 92.2 శాతం సిలికాన్-28. దాని కేంద్రకంలో 14 ప్రోటాన్లూ 14 న్యూట్రాన్లూ జతలు జతలుగా సర్దుకుంటాయి కనుక మొత్తం స్పిన్ సున్నా. 3.1 శాతం ఉండే సిలికాన్-30 కూడా అంతే. ఇక 4.7 శాతం ఉండే సిలికాన్-29లో జత కుదరని న్యూట్రాన్ ఒకటి మిగిలి, దానికి స్పిన్ తెచ్చిపెడుతుంది. ఆ ఒక్క ఐసోటోపును తొలగిస్తే చాలు. తొలగించడానికి సిలికాన్‌ను ఫ్లోరిన్‌తో కలిపి వాయువుగా మార్చి, సెంట్రిఫ్యూజులలో తిప్పుతారు. ఫ్లోరిన్‌కు స్థిరమైన ఐసోటోపు ఒక్కటే ఉంది, అందువల్ల అణువుల బరువులో కనిపించే తేడా అంతా సిలికాన్‌దే అవుతుంది. యురేనియం శుద్ధిలోనూ ఫ్లోరిన్ సమ్మేళనాన్నే వాడడానికి ఇదీ ఒక కారణం. బెర్లిన్ స్ఫటికానికి కావలసిన ఐసోటోపును రష్యాలోని సెంట్రిఫ్యూజులలోనే వేరుచేశారు.

ఫలితం అంకెల్లో చూడాలి. 2014లో సిడ్నీ బృందం సిలికాన్-29ని పది లక్షలకు 800 పరమాణువులకు తగ్గించిన సిలికాన్‌లో ఒక క్వాంటం డాట్ చేసింది. ఎకో ఉపాయం లేకుండానే ఎలక్ట్రాన్ స్థితి 120 మైక్రోసెకన్లు నిలిచింది, అంటే గ్యాలియం ఆర్సెనైడ్‌తో పోలిస్తే పన్నెండు వేల రెట్లు. పదేపదే తలకిందులు చేస్తూ పోతే 28 మిల్లీసెకన్లు నిలిచింది. ఫాస్ఫరస్ కేంద్రకపు స్పిన్‌ను వాడిన మరో ప్రయోగంలో ఇది 30 సెకన్లు దాటింది.

అయితే ఒక్క ఎలక్ట్రాన్ స్పిన్ ఎటు ఉందో చదివేది ఎలా? దాని అయస్కాంతత్వాన్ని నేరుగా కొలవబోతే, అది అందనంత బలహీనం. 2004లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం చూపిన మార్గం నాకు ఈ రంగంలోకెల్లా ముచ్చటగా తోస్తుంది. డాట్ పక్కనే ఎలక్ట్రాన్లు నిండిన ఒక ప్రాంతం ఉంటుంది. దానిని చెరువు అనుకుందాం. ఎలక్ట్రోడు వోల్టేజిని సవరించి, డాట్‌లోని రెండు స్పిన్ స్థాయిలలో ఒకటి చెరువు నీటిమట్టానికి కాస్త పైన, మరొకటి కాస్త కింద ఉండేలా చేస్తారు. స్పిన్ పై స్థాయిలో ఉంటే ఎలక్ట్రాన్ డాట్ నుంచి చెరువులోకి జారిపోతుంది, కాసేపటికి చెరువు నుంచి మరో ఎలక్ట్రాన్ వచ్చి కింది స్థాయిలో కూర్చుంటుంది. స్పిన్ కింది స్థాయిలో ఉంటే ఏమీ జరగదు. డాట్‌ను ఆనుకుని వెళ్లే సన్నని దారిలో ప్రవహించే విద్యుత్తు, ఎలక్ట్రాన్ బయటికి వెళ్లిన ఆ కాసేపూ కొద్దిగా పెరిగి, మళ్లీ తగ్గుతుంది. తెర మీది గీతలో చిన్న గూటం లేస్తే ఒకటి, గీత చదునుగా సాగితే సున్నా. అయస్కాంత గుణం గురించిన ప్రశ్నను ఎలక్ట్రాన్ వెళ్లిందా, ఉందా అనే ప్రశ్నగా మార్చుకోవడంలోనే ఉంది నేర్పంతా. 2010లో ఇదే తరహా పఠనం సిలికాన్‌లోనూ సాధ్యమైంది.

2022 జనవరిలో జపాన్, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియాలకు చెందిన మూడు బృందాలు రెండు క్యూబిట్ల మధ్య జరిపే చర్యను 99 శాతానికి మించిన కచ్చితత్వంతో చేసి చూపించాయి. తప్పులను సవరించే పద్ధతులు పనిచేయాలంటే వందకు ఒక తప్పు కంటే తక్కువ ఉండాలని స్థూలంగా చెబుతారు కనుక, ఆ గీతను దాటడం చిన్న విషయం కాదు.

కేంద్రకాల గోల అణిగాక సిలికాన్ సొంత లోపాలు బయటపడ్డాయి. సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌కు స్పిన్‌తో పాటు లోయ అని పిలిచే మరో రెండు దాదాపు సమాన స్థితులు కూడా ఉంటాయి. వాటి మధ్య శక్తి తేడా, డాట్ కింద పొరల సరిహద్దులో ఒక్క పరమాణువు ఎత్తు మెట్టు ఉన్నా మారిపోతుంది, అందుకే పక్కపక్క డాట్లు కూడా ఒకేలా ఉండవు. ఈ బెడద లేనిది జెర్మేనియం. దానిలో ఎలక్ట్రాన్లకు బదులు ఎలక్ట్రాన్ లేమిని, అంటే రంధ్రాన్ని, క్యూబిట్‌గా వాడుతారు. రంధ్రపు స్పిన్‌ను కేవలం విద్యుత్ క్షేత్రంతోనే తిప్పవచ్చు. 1947లో తొలి ట్రాన్సిస్టర్ పుట్టింది జెర్మేనియంలోనే. 2021లో దానితో నాలుగు క్యూబిట్ల యంత్రం తయారైంది.

క్యూబిట్ల సంఖ్యలో మాత్రం ఈ రంగం వెనుకబడి ఉంది. అమరావతిలో నెలకొల్పనున్నట్టు 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రంలోని 156 క్యూబిట్లు స్పిన్‌లు కావు, అతివాహక వలయాలు, అంటే నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే వలయాలు. ఇంటెల్ 2023లో విడుదల చేసిన స్పిన్ చిప్పులో ఉన్నవి 12. పరిమాణంలో లెక్క తిరగబడుతుంది. అతివాహక క్యూబిట్‌కు మిల్లీమీటరులో కొన్ని వంతుల చోటు కావాలి, స్పిన్ క్యూబిట్‌కు 100 నానోమీటర్ల చోటు చాలు. ఇంకొక వెసులుబాటు వేడి విషయంలో ఉంది. ఈ క్యూబిట్లను సాధారణంగా కెల్విన్‌లో కొన్ని వందో వంతుల చలిలో నడుపుతారు, అక్కడ శీతల యంత్రం తొలగించగల వేడి మైక్రోవాట్లలోనే ఉంటుంది. 2020లో సిడ్నీ, డెల్ఫ్ట్ బృందాలు ఒక కెల్విన్‌కు పైనే క్యూబిట్లను నడిపాయి. అక్కడ వేల రెట్లు ఎక్కువ వేడిని తొలగించవచ్చు కనుక, నియంత్రణ వలయాలను కూడా క్యూబిట్ల పక్కనే పెట్టుకునే వీలుంటుంది.

మామూలు చిప్పుల కర్మాగారాలలోనే వీటిని కోట్లలో ముద్రించవచ్చని తరచుగా వినిపించే మాటను నేను పూర్తిగా నమ్మను. ట్రాన్సిస్టర్‌లో ప్రవహించే ఎలక్ట్రాన్ల గుంపులో ఒకటి అటూ ఇటూ అయినా నష్టం లేదు, క్యూబిట్‌లో ఉండేదే ఒకటి. ఆ తేడా ఎంతో తెలియాలంటే కర్మాగారం నుంచి వచ్చిన పలకను చల్లబరిచి చూడవలసిందే. ఇంటెల్ పరిశోధకులు 2024లో ప్రచురించిన పనిలో చేసింది అదే. 300 మిల్లీమీటర్ల సిలికాన్ పలకను మొత్తంగా 1.6 కెల్విన్‌కు దించి, దాని మీది డాట్లను ఒకదాని తరువాత ఒకటిగా సూదులతో తాకుతూ, ప్రతి డాట్‌లోకి మొదటి ఎలక్ట్రాన్ ఏ వోల్టేజి దగ్గర అడుగుపెడుతుందో రాసుకుంటూ పోయారు.