రంగులేని రెండు వాగులు కలిస్తే నీలం ఎలా పుట్టింది?

మధ్య అమెరికా దేశం కోస్టారికాలోని రియో సెలెస్టే అనే ఏటి మీది జలపాతం ఫొటో పంపించి ఒక పాఠకుడు అడిగారు: "ఇది కంప్యూటర్లో వేసిన రంగా? లేకపోతే ఆ నీళ్లలో మైలుతుత్తం ఏమైనా కలిసిందా?" రెండూ కాదండీ. ఫొటో నిజమే. నీళ్లలో మైలుతుత్తమూ లేదు, నీలిమందూ లేదు. ఆ ఏటికి నీలం రంగునిచ్చే పదార్థమేదీ అందులో కరిగి లేదు. ఈ సంగతి నన్ను బాగా పట్టేసింది కాబట్టి కాస్త ఎక్కువగానే రాస్తాను, ఓపిక పట్టండి.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇది ఉత్తర కోస్టారికాలో టెనోరియో అగ్నిపర్వతం పేరు మీద ఉన్న నేషనల్ పార్కు. దట్టమైన వర్షారణ్యం, కాళ్ల కింద ఎప్పుడూ బురద, అందుకే చాలామంది రబ్బరు బూట్లు వేసుకునే నడుస్తారు. పొద్దున్నే గైడుతో బయల్దేరితే మధ్యాహ్నం దాటేసరికి తిరిగి గేటు దగ్గరికి చేరుకోవచ్చు. కొంత దూరం నడిచాక ఒక పక్కకి నిటారుగా మెట్లు దిగుతాయి, దాదాపు 250. కింద సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం, దాని ముందు నీలి మడుగు. నీళ్లలోకి దిగనివ్వరు. మళ్లీ అన్ని మెట్లూ ఎక్కి వచ్చాక చాలామందికి ఊపిరి అందదు, "చూడాల్సింది చూసేశాం" అని వెనక్కి తిరిగిపోతారు. నన్నడిగితే అసలు చూడాల్సింది ఇంకా ముందుంది. దారి చివరి దాకా పోవాలి. మధ్యలో ఒక నీలి కొలను, ఆ తర్వాత నీళ్లు బుడబుడమని ఉడుకుతున్నట్టు కనిపించే చోటు ఒకటి వస్తాయి. నిజానికి అక్కడ ఏమీ మరగడం లేదు. భూమి లోపలి వాయువులు బుడగలుగా పైకి వస్తున్నాయి, అంతే. గంధకం వాసన ముక్కుకి కొడుతుంది.

దారి ఆగిపోయే చోట రెండు వాగులు కలుస్తాయి. ఒకటి బ్యూనావిస్టా. రెండోది క్వెబ్రాడా అగ్రియా, అంటే పుల్లటి వాగు. రెండింట్లోనూ నీళ్లు తేటగా ఉంటాయి, అడుగున రాళ్లు మామూలు గోధుమరంగులో కనిపిస్తాయి. రెండూ కలిసిన చోట ఏటి అడుగున గీత గీసినట్టు ఒక హద్దు ఉంటుంది. హద్దుకి ఇవతల గోధుమరంగు రాళ్లు, అవతల సున్నం పూసినట్టు తెల్లబడ్డ రాళ్లు. ఆ తెలుపు దగ్గర మొదలై నీళ్లు నీలంగా మారిపోతాయి, అలాగే కిలోమీటర్ల కొద్దీ పారతాయి.

దేవుడు ఆకాశానికి రంగు వేశాక కుంచెలు ఈ ఏట్లో కడుక్కున్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథతో నాకు పేచీ లేదు. దాన్ని సైన్సు అని ఎవరూ అనరు, పిల్లలకి చెప్పుకోవడానికి బాగుంటుంది. నాకు చిరాకు తెప్పించేది ఇంకోటి. "గంధకం, కాల్షియం కార్బనేట్ కలవడం వల్ల నీలం వస్తుంది" అని ఏళ్ల తరబడి తిరిగిన మాట ఒకటుంది. రెండు రసాయనాల పేర్లు వినపడగానే జనం నోరు మూసుకుని నమ్మేస్తారు. రెండూ తెల్లగానో పసుపుగానో ఉండే పదార్థాలే కదా, నీలం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లు ఉండరు. మూఢనమ్మకాన్ని వదిలించడం కంటే సైన్సు వేషం వేసుకున్న ఇలాంటి మాటని వదిలించడం కష్టం.

కోస్టారికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు నీళ్లను పరీక్షించి 2013లో జవాబు ప్రచురించారు. నీళ్లలో కరిగిన ఏ రసాయనమూ ఈ రంగుకి కారణం కాదని ముందు తేల్చారు. తేలుతున్న రేణువుల్ని కొలిస్తే అసలు సంగతి బయటపడింది. అవి అల్యూమినోసిలికేట్ రేణువులు, అంటే అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ ఉన్న ఖనిజపు నలుసులు. బ్యూనావిస్టా నీళ్లలోనూ ఇవి ఉన్నాయి, అక్కడ ఎక్కువ భాగం 184 నానోమీటర్ల వ్యాసం దగ్గర ఉన్నాయి. వాగులు కలిశాక చూస్తే 566 నానోమీటర్ల దగ్గరికి పెరిగిపోయాయి. (ఒక మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లు.) పదార్థం మారలేదు, పరిమాణం మారింది. దాంతోనే రంగు పుట్టింది.

ఎందుకు పెరిగాయో అర్థం కావాలంటే పాలలో నిమ్మరసం పిండి చూడండి. ఈ పోలికని నేను వదలను, ఎందుకంటే ఇది వట్టి పోలిక కాదు, దాదాపు అదే భౌతికశాస్త్రం. పాలలో కేసిన్ అనే ప్రోటీను ఒక్కొక్క అణువుగా విడిగా ఉండదు, చిన్న చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఒక్కో ఉండ సుమారు 100 నుంచి 200 నానోమీటర్లు, అంటే బ్యూనావిస్టా నలుసంత. ప్రతి ఉండ పైన రుణావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి కాబట్టి రెండు ఉండలు దగ్గరికొచ్చినా అంటుకోకుండా తప్పుకుంటాయి. నిమ్మరసం పడగానే దాంట్లోని హైడ్రోజన్ అయాన్లు ఆ రుణావేశాన్ని తినేస్తాయి. పీహెచ్ (పులుపుకి కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసిన్ మీద నికరంగా ఆవేశం ఉండదు. ఇక తోసుకునే బలం లేదు. అతి దగ్గర్లో మాత్రమే పనిచేసే వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ గెలుస్తుంది. ఉండ ఉండకి అంటుకుంటుంది, పాలు విరిగిపోతాయి.

ఏట్లో జరిగేదీ ఇదే. నిమ్మరసం పాత్ర పుల్లటి వాగుది. బ్యూనావిస్టా నలుసులు ఆవేశం వల్ల విడివిడిగా ఉంటూ వస్తాయి. ఆమ్లం కలవగానే పీహెచ్ పడిపోతుంది, రేణువుల ఆవేశానికి కొలతగా వాడే జీటా పొటెన్షియల్ తగ్గుతుంది, నలుసులు గుంపులు కడతాయి.

మరి పాలు గడ్డలు గడ్డలుగా విరిగినట్టు ఏరు ఎందుకు విరగలేదు? ఇక్కడ పోలికకీ ఏటికీ కాస్త తేడా ఉంది. పాలలో కేసిన్ ఉండలు కిక్కిరిసి ఉంటాయి, ఏట్లో నలుసులు చాలా పలచన. రెండు రేణువులు అంటుకోవాలంటే ముందు ఢీకొనాలి. ఢీకొనే రేటు రేణువుల సాంద్రత వర్గానికి అనులోమంగా ఉంటుందని పోలండ్ భౌతికశాస్త్రవేత్త స్మొలుకోవ్‌స్కీ ఒక శతాబ్దం కిందటే లెక్క కట్టాడు. సాంద్రత సగమైతే ఢీకొనడాలు పావు వంతుకి పడిపోతాయి, పదో వంతైతే నూరో వంతుకి. పైగా అంటుకున్న కొద్దీ మిగిలే రేణువుల సంఖ్యా తగ్గిపోతుంది. అందుకే తేలే నలుసులు కంటికి కనపడేంత గడ్డలు కాకముందే నీళ్లు చాలా దూరం పారిపోతాయి. బరువెక్కినవి అడుక్కి దిగుతాయి. రాళ్ల మీద కనిపించే తెల్ల పూత అదే, విరిగిన పాలలో గడ్డలాంటిది.

పాల పని ఇంకా అయిపోలేదు. గాజుగ్లాసు నిండా నీళ్లు తీసుకుని, చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసి, వెన్న తీసిన పాలు రెండు మూడు చుక్కలు కలపండి. వెలుతురు పోయే దారికి అడ్డంగా నిలబడి చూస్తే గ్లాసు లేత నీలంగా కనిపిస్తుంది. టార్చికి ఎదురుగా వెళ్లి గ్లాసులోంచి చూస్తే పసుపు, నారింజ మధ్య రంగు. నీలం పక్కలకి చెదిరిపోయింది, మిగిలింది నేరుగా వచ్చింది. వెన్న తీయని పాలతో ఇది అంత బాగా రాదు, కొవ్వు బొట్లు మరీ పెద్దవి. పాలు ఎక్కువ పోసినా చెడుతుంది. వెలుతురు ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకి పదే పదే చెదిరి, చివరికి అన్ని రంగులూ కలిసి తెల్లగా బయటికొస్తాయి. గిన్నెలో పాలు తెల్లగా ఉండేది అందుకే.

"ఆకాశం నీలంగా ఎందుకుంటుంది" అనేది బళ్లో రెండు మార్కుల ప్రశ్న. "చెదిరే కాంతి తీవ్రత తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది" అని పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు. ఆ వాక్యం పక్కన ఒక గ్లాసు, ఒక టార్చి, ఒక పాలచుక్క పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఎందుకు పెట్టరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు కొంచెం బరువైన లెక్క. ఎరుపు 650 నానోమీటర్లు, నీలం 450 అనుకుంటే ఆ నాలుగో ఘాతం సూత్రం ప్రకారం నీలం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చెదరాలి. ఆ సూత్రం తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్న రేణువులకి, గాలి అణువుల్లాంటి వాటికి. అలాంటప్పుడు చిన్న నలుసులున్న బ్యూనావిస్టాయే ఎక్కువ నీలంగా ఉండాలి కదా? తిరకాసు ఇక్కడే ఉంది. నీలానికి మొగ్గు ఉండడం వేరు, కంటికి ఆనేంత వెలుతురు చెదరడం వేరు. చిన్న రేణువులు నీలాన్నే ఇష్టపడతాయి గాని, చెదరగొట్టే శక్తి వాటికి బహు తక్కువ. ఆ శక్తి వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది. 184 నుంచి 566కి పెరిగితే వ్యాసం మూడు రెట్లు. సందుల్లేకుండా అతుక్కున్నాయనుకుంటే ఒక పెద్ద రేణువు కావడానికి దాదాపు 29 చిన్నవి కలవాలి. సూత్రం అక్కడిదాకా పనిచేస్తే పెద్దది చెదరగొట్టేది ఒక్కో చిన్నదాని కంటే దాదాపు 850 రెట్లు. 29 రేణువులు పోయి ఒకటే మిగిలినా మొత్తం మీద 29 రెట్ల లాభం. అదే మట్టి, అదే బరువు.

నిజంలో అంత లాభం రాదు. 566 నానోమీటర్లంటే ఆకుపచ్చ కాంతి తరంగమంత. అక్కడ ఆ నాలుగో ఘాతం సూత్రం (దాన్నే ర్యాలీ సూత్రం అంటారు) చెల్లదు, జర్మన్ భౌతికశాస్త్రవేత్త గుస్తావ్ మీ 1908లో ఇచ్చిన పరిష్కారం కావాలి. ఆయన నీళ్లలో తేలే బంగారు నలుసుల రంగులు ఎందుకు మారుతున్నాయో తేల్చడానికి, గోళం మీద కాంతి పడితే ఏమవుతుందో విద్యుదయస్కాంత సమీకరణాల నుంచే మొత్తం సాధించాడు. ఆ లెక్కలో కాంతి ఎక్కువగా ముందుకే చెదురుతుంది, నీలం మీద మొగ్గు తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. మొగ్గు కొంచెం పోయినా వెలుతురు చాలా వచ్చింది. ఏటి నీలం ఆ బేరం వల్ల వచ్చిందే.

ఇది ఆకాశపు ప్రతిబింబం మాత్రమే కాదా అని అనుమానం రావచ్చు. సముద్రం విషయంలో ఇదే అనుమానం 1921లో ఓడ ప్రయాణంలో సి.వి.రామన్‌కీ వచ్చింది. ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే నికోల్ పట్టకంతో నీటిపై మెరుపుని కోసేసి చూశాడు, నీలం పోలేదు. రియో సెలెస్టేలో పట్టకం కూడా అక్కర్లేదు. ఒకే ఆకాశం కింద, ఒకే కొమ్మల నీడలో, కలవకముందు వాగులకి లేని రంగు కలిశాక వచ్చింది. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ల్యాబులో కూడా కుదరదు. నీరు సహజంగా ఎరుపుని పీల్చుకోవడం వల్లే ఈ నీలం అనడానికీ లేదు. ఆ ప్రభావం బాగా తెలియాలంటే మీటర్ల లోతు కావాలి, ఇక్కడ మోకాటి లోతు నీళ్లు కూడా నీలంగానే ఉంటాయి.

మెట్లు దిగి జలపాతం ముందు నిలబడినప్పుడు ఒకటి గమనించండి. పడే ధార తెల్లగా ఉంటుంది, కింద మడుగు నీలంగా ఉంటుంది. నీళ్లు ఒకటే. ధారలో గాలి బుడగలు, తుంపర బొట్లు కాంతి తరంగం కంటే వందల రెట్లు పెద్దవి, వాటికి ఎరుపూ నీలమూ ఒక్కటే, అన్నిటినీ సమానంగా విసిరేస్తాయి. మడుగులో బుడగలు పైకి తేలిపోయాక నలుసుల ఆట మిగులుతుంది. చిన్న పరిమాణమైతే రంగు లేదు, నడిమిదైతే నీలం, పెద్దదైతే తెలుపు. ఒకే రోజు నడకలో మూడూ చూడొచ్చు. గైడు టెలిస్కోపుతో, చెట్లకి వేలాడే బద్ధకపు జంతువు స్లాత్‌ని చూపిస్తుంటే వద్దనకండి గాని, ఈ మూడూ కూడా చూపించమనండి. అడవిలో మోర్ఫో సీతాకోకచిలుక ఎగిరితే దాని నీలానికీ నీలి రంగుపదార్థం కారణం కాదు. రెక్క పొలుసుల మీది సన్నని పొరల అమరిక వల్ల వచ్చేది. ఆ రెక్క మీద ఆల్కహాలు పోస్తే ఆకుపచ్చగా మారుతుంది, ఆరగానే మళ్లీ నీలం. అది వేరే కథ, ఇంకోసారి.

ఎప్పుడు వెళ్తే బాగుంటుందని కూడా ఆ పాఠకుడు అడిగారు. వానలు తక్కువుండే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి. పెద్ద వాన పడితే కొండ మీది మట్టి కొట్టుకొచ్చి ఏరు గోధుమరంగుకి తిరుగుతుంది. మట్టిలోని ఇనుప ఆక్సైడ్లు నీలాన్ని మింగేస్తాయి, పెద్ద మట్టి రేణువులు మిగతా కాంతిని అడ్డదిడ్డంగా చెదరగొడతాయి. వాగుల్లో నీటి పాళ్లు మారి ఆమ్లం పలచబడొచ్చు కూడా. నలుసులు అక్కడే ఉంటాయి, కనపడవు. అందుకని ముందు రోజు రాత్రి జోరుగా కురిస్తే, ఏటి రంగు ఎలా ఉందో మెట్లు దిగకముందే గైడుని అడగడం మంచిది.