ఏ రూల్స్‌లో, ఎంత దూరంలో? మార్షల్ ఆర్ట్స్ స్టైళ్ల గొడవలో అపోహలు - వాస్తవాలు

విజయవాడ దండమూడి రాజగోపాల్ ఇండోర్ స్టేడియం బయటైనా, గుంటూరు బీఆర్ స్టేడియం బయటైనా, టీ గ్లాసు చేతికొచ్చాక మొదలయ్యే వాదన ఒకటే. కరాటే గొప్పా, తైక్వాండో గొప్పా, లేక పంచ్‌లు, కిక్‌లు, పట్లు అన్నీ కలిపిన ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) వచ్చాక ఇవన్నీ దండగేనా? గంటసేపు అరుచుకున్నా తేలదు. ఏ రూల్స్ కింద, ఎంత దూరం నుంచి అని ఎవరూ అడగరు కాబట్టి.

అపోహ: మాదే అసలు విద్య, మిగతావి కాపీ.

కాపీ కొట్టనిది ఏదీ లేదు. కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో, ఆ విద్యలో చైనా ఫుజియాన్ ప్రాంతపు విద్యలు కలిశాయి. మొదట్లో ఆ పేరును ‘చైనా చెయ్యి’ అని అర్థమొచ్చే అక్షరాలతోనే రాసేవారు, ‘ఖాళీ చెయ్యి’ 1930లలో స్థిరపడింది. కరాటే వాళ్ల తెల్ల డ్రెస్సు, బెల్టు, డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయిలు) లెక్క జూడో నుంచి తెచ్చుకున్నవి. తైక్వాండోకు ఆ పేరు పెట్టిన చోయ్ హాంగ్ హి జపాన్‌లో చదువుకునే రోజుల్లో షోటోకాన్ అనే శైలి కరాటే నేర్చుకున్నవాడు.

అపోహ: రింగులో గెలవని స్టైల్ పనికిరాదు.

ఏ రూల్స్‌లో సాధన చేస్తే ఒళ్లు ఆ రూల్స్‌కే అలవాటు పడుతుంది. ఒలింపిక్ తైక్వాండోలో తలకు కిక్ తగిలితే 3 పాయింట్లు, చెస్ట్ గార్డ్ మీద పంచ్‌కు 1, ముఖానికి పంచ్ కొడితే ఫౌల్. అలాంటప్పుడు చేతులు కిందికి దిగిపోవడం బద్ధకం కాదు, లెక్క. అదే ప్లేయర్ పక్కకు తిరిగిన స్టాన్స్‌తో ముయే థాయ్ (థాయ్‌లాండ్ కిక్‌బాక్సింగ్) కుర్రాడి ముందు నిలబడితే ముందుకాలి పిక్క మీద లో కిక్‌లు పడతాయి. గట్టిగా కొట్టుకునే కరాటే శైలి క్యోకుషిన్ వాళ్లు ఒంటి మీద ఎంత దెబ్బకైనా నిలుస్తారు. అయితే పోటీల్లో ముఖానికి పంచ్ లేదు కాబట్టి బాక్సర్ ముందు తల ఖాళీగా దొరుకుతుంది. జూడోలో చేత్తో కాళ్లు పట్టే పద్ధతుల్ని 2010 నుంచి దశలవారీగా తీసేశారు, అందుకే కుస్తీ వస్తాదు రెండు కాళ్లూ లాగితే ఈ తరం జూడో ప్లేయర్ తడబడతాడు. బాక్సర్ సంగతీ అంతే, పట్టు దొరికిందంటే అతని పంచ్‌కు దూరమే ఉండదు.

కాబట్టి ‘మీది పనికొస్తుందా’ అని కాకుండా ‘చొక్కా పట్టుకుంటే మీవాళ్లేం చేస్తారు?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు కోపం వస్తుంది, రెండోదానికి అవతలివాడు లేచి చేసి చూపిస్తాడు.

అపోహ: వేరే స్టైల్ వాళ్లతో స్పారింగ్ (సాధన కోసం తలపడటం) అంటే సవాలే.

ముందు మాట్లాడుకోకపోతే నిజంగానే సవాలవుతుంది. మొదట తేల్చుకోవాల్సింది ఆపే మాట. కరాటేలో ‘యామే’, జూడోలో ‘మటే’, తైక్వాండోలో ‘కల్యో’. ఒకరి మాట ఇంకొకరికి ఎక్కదు, ఒకడు ఆగితే రెండోవాడి కిక్ వచ్చేస్తుంది. ‘ఆపు’ అనుకుంటే చాలు. పట్లు ఉంటే ట్యాప్ కూడా నేర్పాలి: రెండుసార్లు తట్టగానే వదిలెయ్యాలి, చేతులు ఇరుక్కుంటే నోటితో చెప్పాలి. కొత్తవాళ్లకు మెడ పట్లు అసలొద్దు.

రెండు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. మొదటిది ఒకరి రూల్స్‌తో, రెండోది రెండోవారి రూల్స్‌తో, మూడోది ఇద్దరికీ కుదిరిన రూల్స్‌తో. మౌత్ గార్డ్, గ్రోయిన్ గార్డ్, షిన్ గార్డ్, 16 ఔన్సుల గ్లవ్స్ లేకుండా దిగొద్దు. బలం పదిలో మూడు వంతులు. ఎక్కువగా చెడేది ఇక్కడే: మనం కొట్టిన దెబ్బ మనకు తక్కువగా అనిపిస్తుంది, తిన్నది ఎక్కువగా అనిపిస్తుంది. ఇద్దరూ ‘అంతే ఇచ్చాను’ అనుకుంటూనే రెండో నిమిషానికి అసలు కొట్లాటలో ఉంటారు. బయట నిలబడ్డ మూడో మనిషి ‘తగ్గించండి’ అంటే మారుమాట లేకుండా తగ్గించాలి.

నేల కూడా చూసుకోవాలి. డాబా మీద సిమెంటుపై పరిచిన 20 మిల్లీమీటర్ల పజిల్ మ్యాట్ కిక్‌లకు సరిపోతుంది, ఎత్తి వేసే త్రోలకు సరిపోదు. జూడో మ్యాట్ మామూలుగా 40 మిల్లీమీటర్లు. అదున్నా పడటం రానివాణ్ని పడెయ్యకూడదు. గడ్డం ఛాతీకి ఆనించి, చెయ్యి ఒంటికి 45 డిగ్రీల్లో ఉంచి, అరచెయ్యీ ముంజెయ్యీ ఒకేసారి నేలకు కొట్టాలి. భయంతో చెయ్యి నిటారుగా నేలకు ఆనిస్తే మణికట్టుకో కాలర్ బోన్‌కో దెబ్బ తప్పదు.

బ్లాక్ బెల్ట్ ఎక్కడైనా ఒకటే అన్నది ఇంకో భ్రమ. బెల్టు ఇచ్చినచోటే దాని లెక్క. వేరే క్లాసుకు వెళ్తే తెల్ల బెల్టు కట్టుకోవడమో, ఏది కట్టుకోమంటారని మాస్టారిని అడగడమో మర్యాద.

అపోహ: ఇంకోచోట నేర్చుకుంటే గురుద్రోహం.

జూడో స్థాపించిన జిగోరో కానో 1922లో కరాటే మాస్టారు గిచిన్ ఫునాకోషిని తన జూడో బడి కోడోకాన్‌కు పిలిపించి కరాటే చేయించి చూశారు. 1930లో ఐకిడో స్థాపకుడు మోరిహే ఉయెషిబా విద్య చూసి, తన శిష్యుల్నే ఆయన దగ్గరికి పంపారు. గురువే పంపినప్పుడు ద్రోహం ఎక్కడిది? చెప్పకుండా వెళ్తేనే మనసు కష్టపడేది. ‘మాస్టారూ, పట్లు నేర్చుకుందామని ఉంది, వారానికి ఒక్కరోజు వెళ్లొస్తాను’ అని ముందే అడగండి. పోటీకి నెల ముందు మాత్రం కొత్తది మొదలుపెట్టొద్దు. అప్పుడే బాక్సింగ్ పట్టిన తైక్వాండో పిల్లాడు కంగారులో ముఖానికి పంచ్ వేసి, అవతలివాడికి ఊరికే పాయింటు ఇచ్చేస్తాడు.