ఫ్యాన్ తిరుగుతోందిగా, మరి బండి ఎందుకు హీటెక్కుతోంది? పాత కార్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్: అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరేసరికి అంబాసిడర్లు, పద్మినీలు, పాత జీపులు వర్క్‌షాపుల ముందు వరస కడతాయి. వాటిలో సగం బండ్లకి రేడియేటర్‌ని చల్లబరిచే ఎలక్ట్రిక్ ఫ్యాన్ అప్పటికే బిగించి ఉంటుంది. ఓనరు బానెట్ ఎత్తి, స్విచ్ వేసి చూపిస్తారు: "చూడండి, తిరుగుతోంది. ఫ్యాన్‌లో తేడా లేదు, ఇంజన్‌లోనే ఏదో ఉంది." ఆ ఒక్క మాట మీద థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కి పోనివ్వని కవాటం) పీకేస్తారు, వాటర్ బాడీ (నీటి పంపు) మారుస్తారు, ఆఖరికి హెడ్డు కూడా దించేస్తారు. చివరికి తేలేది ఏమిటంటే, మోటారుకి వోల్టేజీ చాలడం లేదు.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోందంటే వైరింగ్ సరిగ్గా ఉన్నట్టే.

ఎక్కువ డబ్బు వదిలించేది ఇదే కాబట్టి దీని దగ్గరే కాసేపు ఆగుదాం. 12 వోల్టుల మోటారు 9 వోల్టులకీ తిరుగుతుంది, 10 వోల్టులకీ తిరుగుతుంది. కంటికి తేడా తెలియదు, చప్పుడు కాస్త తగ్గుతుంది అంతే. డబ్బా మీద రాసిన గాలి లెక్క మాత్రం 13 వోల్టుల పైమాటకి. మోటారు దగ్గర 10 వోల్టులే ఉంటే గాలి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. 42 డిగ్రీల ఎండలో, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండికి కావలసింది సరిగ్గా ఆ నాలుగో వంతే.

ఆ వోల్టేజీ ఎటు పోతుంది? మామూలుగా కనిపించే వైరింగ్ తీసుకోండి. ఇగ్నిషన్ స్విచ్ నుంచి ఒక వైరు డ్యాష్‌బోర్డు మీది టాగిల్ స్విచ్‌కి, అక్కడి నుంచి ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు) దాటి రేడియేటర్ దాకా. పొడవు 5, 6 మీటర్లు, వైరు 1 స్క్వేర్ (1 చదరపు మి.మీ.). మీటరుకి సుమారు 17 మిల్లీఓమ్స్ చొప్పున 6 మీటర్లకి 0.1 ఓమ్ దాటుతుంది. ఫ్యాన్ 10 ఆంపియర్లు లాగితే వైరులోనే 1 వోల్టు పోయింది. నలభై ఏళ్ల ఇగ్నిషన్ కాంటాక్టు, చవక టాగిల్ స్విచ్, రంగు మీద బిగించిన ఎర్త్ (బాడీ గుండా బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే దారి) స్క్రూ, ఈ మూడూ కలిసి ఇంకో వోల్టు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మింగుతాయి. పోయిన వోల్టేజీ ఊరికే పోదు, వేడిగా మారుతుంది. 2 వోల్టులు, 10 ఆంపియర్లు అంటే 20 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది కదా, దాదాపు అంత వేడి మీ వైర్లలో, స్విచ్చుల్లో, ఎర్త్‌లో పుడుతోందన్నమాట. స్విచ్ కరిగిందని రెండుసార్లు స్విచ్ మార్చినవాళ్లు మూడోసారైనా వైరు వంక చూడాలి.

నమ్మకాలు పక్కన పెట్టి మల్టీమీటర్ తీయండి. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, ఫ్యాన్ తిరుగుతుండగా ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ఫ్యాన్ ప్లస్ టెర్మినల్ మీద పెట్టండి. 0.3 వోల్టు లోపు రావాలి. తర్వాత ఫ్యాన్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి చూడండి, ఇక్కడ 0.2 లోపు. రెండూ కలిపి అర వోల్టు దాటితే ఇంజన్ జోలికి పోకుండా ముందు వైరింగ్ బాగుచేయండి. ఫ్యాన్ ఆపి కొలిస్తే ఉపయోగం లేదు, కరెంటు పారనప్పుడు కుళ్లిన ఎర్త్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఇక సరైన పద్ధతి. 12 అంగుళాల ఫ్యాన్ 8 నుంచి 12 ఆంపియర్ల దాకా లాగుతుంది, మొదలైన క్షణంలో రెండు మూడు రెట్లు. దీనికి 4 స్క్వేర్ ఆటో కేబుల్ వేయండి. 3 మీటర్ల పొడవుకి 10 ఆంపియర్ల దగ్గర పోయేది 0.13 వోల్టే. ఇంటి వైరింగ్‌లో మిగిలిన సింగిల్ కోర్ వైరు మాత్రం వద్దు, ఇంజన్ వణుకుకి లోపలే తెగుతుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి, ఫ్యాన్‌ను కాదు. అందుకే అది బ్యాటరీ దగ్గర ఉండాలి, ఫ్యాన్ దగ్గర కాదు. మాటిమాటికీ పోతోందని 40 వేస్తే ఈసారి పోయేది వైరు. ఫ్యూజు నుంచి రిలే (సన్న వైరు కరెంటుతో లావు వైరు కరెంటుని కలిపే స్విచ్) 30వ పిన్నుకి, 87 నుంచి ఫ్యాన్ ప్లస్‌కి. ఈ రెండూ లావు వైర్లు. 86కి ఇగ్నిషన్ నుంచి సన్న వైరు, 0.75 స్క్వేర్ చాలు, ఎందుకంటే రిలే కాయిల్ లాగేది పావు ఆంపియర్ కూడా ఉండదు. 85 నుంచి థర్మోస్విచ్‌కి (నీటి వేడిని బట్టి తనంతట తానే పడే స్విచ్), అక్కడి నుంచి ఎర్త్‌కి. ట్రాఫిక్‌లో చేత్తో వేసుకునే స్విచ్ కావాలంటే దాన్ని థర్మోస్విచ్‌కి ప్యారలల్‌గా కలపండి. డ్యాష్‌బోర్డు దాకా వెళ్లేది సన్న వైరే కాబట్టి స్విచ్ కరగడమన్న ప్రశ్నే లేదు. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే 86కే ప్లస్ ఇవ్వాలి, తిరగేస్తే డయోడ్ పోతుంది. ఐదు పిన్నుల రిలేలో మధ్యలో ఉండే 87ఎ ని ఖాళీగా వదిలేయండి. రిలేను పిన్నులు కిందికి ఉండేట్టు, మానిఫోల్డ్‌కి (ఇంజన్ పొగ బయటికొచ్చే వేడి గొట్టం) దూరంగా బిగించండి, నీళ్లు పడినా లోపల నిలవవు. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టేవి కాదు, క్రింప్ చేసిన లగ్గులే. బానెట్ కింది వేడికి టేపు జిగురు నెలలోనే కారిపోతుంది.

ఎర్త్ సంగతి వేరే చెప్పాలి. రేడియేటర్ ఫ్రేముకి ఎర్త్ ఇవ్వడం మామూలైపోయింది, దగ్గరగా ఉంటుంది కాబట్టి. చాలా బండ్లలో రేడియేటర్ రబ్బరు మీద కూర్చుంటుంది. అప్పుడు కరెంటు కూలెంట్ గుండా దారి వెతుక్కుంటుంది, కోరుని (రేడియేటర్ ట్యూబుల గూడు) లోపలి నుంచి తినేస్తుంది. ఛాసిస్ మీద రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక స్టార్ వాషర్‌తో 6 మి.మీ. బోల్టు బిగించి, పైన వ్యాసలీన్ పూయండి. అనుమానం ఉంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి, చేతి స్విచ్‌తో ఫ్యాన్ వేసి, మీటరు ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కి, రెండోది లోహానికి తగలకుండా కూలెంట్‌లోకి. 0.3 వోల్టు దాటితే ఎక్కడో ఎర్త్ తప్పింది.

అపోహ: బ్యాటరీ కొత్తది, కాబట్టి కరెంటుకి కొదవ లేదు.

మన దగ్గర ఆల్టర్నేటర్‌నీ డైనమో అనే అంటారు కాబట్టి ఇక్కడ గందరగోళం ఎక్కువ. అసలు డైనమో పొడుగాటి గొట్టంలా ఉంటుంది, వెనక రెండే టెర్మినళ్లు, ఫైర్‌వాల్ మీద వేరే కంట్రోల్ బాక్సు. ఆల్టర్నేటర్ పొట్టిగా, వెడల్పుగా, గాలి కంతలతో ఉండే అల్యూమినియం బాడీ. పాత లూకాస్ సి40 డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లకి ఏడెనిమిది, ఇగ్నిషన్‌కి మూడు నాలుగు, వైపరుకి రెండు మూడు పోతే ఫ్యాన్‌కి మిగిలేదెంత? అది కూడా రోడ్డు మీద. ఐడిల్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, చార్జింగ్ లైటు ఎర్రగా మిణుకుమనడం అందుకే. ఫ్యాన్ అవసరం పడేదేమో ఐడిల్‌లోనే! అంటే ప్రతి సిగ్నల్ దగ్గరా ఫ్యాన్ బ్యాటరీని తాగుతోంది, వోల్టేజీ 12కి దిగుతోంది, గాలి తగ్గుతోంది. డైనమో బండికి ముందు ఆల్టర్నేటర్, తర్వాతే ఎలక్ట్రిక్ ఫ్యాన్. ఈ వరస తప్పితే డబ్బు రెండుసార్లు పెట్టాలి.

అమ్మీటరున్న జీపుల్లో ఇంకో చిన్న తిరకాసు. ఫ్యాన్ ఫీడు నేరుగా బ్యాటరీ మీద తీసుకుంటే, ఫ్యాన్‌కి పోయే కరెంటు కూడా చార్జింగ్ వైపే చూపిస్తుంది. ముల్లు ఎప్పుడూ ప్లస్‌లో ఉందని కంగారుపడి రెగ్యులేటర్ మార్చకండి.

అపోహ: ఎటు తిరిగినా గాలే కదా.

రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ గాలిని ఇంజన్ వైపు లాగాలి. తిరగబడితే ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వేడిని తెచ్చి రేడియేటర్ మీద పోస్తుంది, పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలితో కుస్తీ పడుతుంది. న్యూస్‌పేపర్ కాగితం గ్రిల్ ముందు పెట్టండి, అతుక్కోవాలి. తిరగేసి ఉంటే వైర్లు మార్చితే దిశ మారుతుంది గానీ, రెక్కల వంపు ఆ దిశకి చేసింది కాకపోతే గాలి తగ్గుతుంది. రెక్క విప్పి తిప్పి వేసుకునే ఫ్యాన్ అయితే రెండూ మార్చాలి. పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవి తగులుతాయి. బ్యాటరీ ప్లస్ బాడీకి ఉందో లేదో చూడకుండా ఒక్క వైరు కూడా కలపొద్దు.

థర్మోస్విచ్ ఎక్కడ పెట్టాలన్నదీ తగవే. థర్మోస్టాట్ 82 డిగ్రీలదైతే, రేడియేటర్ పై హోస్‌లో పెట్టే స్విచ్ 92 నుంచి 95 మధ్య పడాలి, 87 దగ్గర ఆరాలి. 82కే పడే స్విచ్ పెడితే ఫ్యాన్ రోజంతా ఆగదు. అదే 92 స్విచ్‌ని కింది హోస్‌లో పెడితే, అక్కడికొచ్చేది చల్లబడ్డ నీరు కాబట్టి ఇంజన్ ఉడికాక గానీ పడదు. ఫిన్నుల్లో గుచ్చే ప్రోబ్ రకానికి ఫ్యాన్ గాలే తగిలి, నిమిషానికోసారి పడుతూ ఆరుతూ ఉంటుంది. హోస్ కోసి మధ్యలో పెట్టే లోహపు అడాప్టర్ మంచిదే, కానీ దానికి రెండు వైపులా రబ్బరే. ఒక్క టెర్మినల్ స్విచ్‌కి ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? అడాప్టర్‌కి క్లిప్పు బిగించి ఛాసిస్‌కి వైరు లాగాలి. "కొత్త స్విచ్ కూడా పనిచేయట్లేదు" అనే ఫిర్యాదులో చాలా వరకు ఇదే. బిగించే ముందు స్విచ్‌ని గిన్నెలో నీళ్లతో కాచి, మీటరు కంటిన్యుటీలో పెట్టి, ఎన్ని డిగ్రీలకి కలుస్తోందో చూసుకోండి. టెర్మినళ్లు నీళ్లలో మునగకూడదు.

బిగింపులో రెండు జాగ్రత్తలు. కోరు గుండా దూర్చే ప్లాస్టిక్ ట్యాగులు వాడొద్దు, అవి ఊగి ఊగి ట్యూబుకి కన్నం పెడతాయి. రేడియేటర్ సైడు ఫ్రేములకి రెండు ఇనుప పట్టీలు వేసి వాటికి బిగించండి. మోటారు వీపుకీ వాటర్ బాడీ ముక్కుకీ మధ్య 20, 25 మి.మీ. ఖాళీ ఉండాలి, బ్రేకు కొట్టినప్పుడు ఇంజన్ ముందుకు జరుగుతుంది. రెండోది అంబాసిడర్ బీ సిరీస్ ఇంజన్ లాంటి వాటిలో: బెల్టుతో తిరిగే పాత ఫ్యాన్‌నీ పుల్లీనీ అవే నాలుగు బోల్టులు పట్టుకుంటాయి. ఫ్యాన్ తీసేశాక అవే బోల్టులు తిరిగి వేస్తే పొడుగెక్కువై వెనక వాటర్ బాడీకి రాసుకుంటాయి. పొట్టి బోల్టులో, ఫ్యాన్ మందానికి సరిపడా వాషర్లో వేయాలి. బెల్టు మాత్రం ఉండాల్సిందే, నీరు తిప్పేదీ చార్జింగ్ ఇచ్చేదీ అదే.

మిగతావి త్వరగా. మైలేజీ పెరుగుతుందా? కాస్త, లెక్కపెట్టుకునేంత కాదు. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందా? ఇంజన్ పని చేయడానికి కావలసిన వేడికి త్వరగా చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజన్ ఆపాక ఫ్యాన్ తిరగాలా? నీరే తిరగనప్పుడు ఫ్యాన్ తిరిగి పెద్ద లాభం లేదు. రిలే లేకుండా ఇగ్నిషన్ నుంచే ఫీడు ఇస్తే తాళం తీసినా ఇంజన్ ఒకట్రెండు క్షణాలు నడుస్తుందా? నిజమే, ఊపు మీదున్న మోటారు కాసేపు జనరేటర్ అయిపోయి ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంటు ఇస్తుంది. ఇక హైవే మీద 70, 80లో హీటెక్కితే అది ఫ్యాన్ పని కానే కాదు. ఆ వేగంలో ఎదురుగాలే చాలు. బోరు నీళ్ల సున్నం పట్టి కోరు మూసుకుపోయి ఉంటుంది, రాడింగ్ (ట్యూబుల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి, క్యాప్ రబ్బరు చూడండి. ఇంకో పెద్ద ఫ్యాన్ కొనకండి.

పిల్లాపాపలతో ట్రాఫిక్‌లో ఉండగా ముల్లు ఎరుపు వైపు పోతే కంగారు సహజం. క్యాప్ మీద మాత్రం చెయ్యి వేయకండి. ఏసీ ఆపి, హీటర్ ఉంటే పూర్తిగా తెరవండి. పక్కకి తీసి బానెట్ ఎత్తి, రిలేను సాకెట్ నుంచి పీకండి. రెండు చివర్లా మగ లగ్గులు క్రింప్ చేసిన జానెడు 2.5 స్క్వేర్ వైరు ముక్క డ్యాష్‌బోర్డు అరలో ముందే పెట్టుకుని ఉంటే, దాన్ని సాకెట్‌లోని 30, 87ల మధ్య గుచ్చండి. ఫ్యాన్ వెంటనే తిరిగితే పోయింది రిలేనో థర్మోస్విచ్చో, లేదంటే వాటి సన్న వైరో. మధ్యలో ఫ్యూజు ఉంది కాబట్టి అలాగే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇల్లు చేరాక ఆ ముక్క పీకడం మర్చిపోకండి, తాళం తీసినా ఫ్యాన్ ఆగదు.