గల్ఫ్‌కు బ్యాగు సర్దేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు ప్రయాణానికి ముందు జాగ్రత్తలు చెప్పడం నా పని. బట్టలు, పచ్చళ్ల గురించి అందరూ అడుగుతారు. నాకు టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి.

అపోహ: ఇంట్లో దంచిన మసాలా, డాక్టర్ రాసిన మందులు ఎవరు ఆపుతారు?

మొన్న ఒక తమ్ముడి బ్యాగు నా బల్ల మీద విప్పించాను. రెండు కవర్లలో పోసి, రబ్బరు బ్యాండు చుట్టిన మసాలా పొడి కనిపించింది. ఏమేం వేశారని వాళ్లమ్మకు ఫోన్ చేసి అడిగితే, "ధనియాలు, లవంగాలు, చెక్క, ఇన్ని గసాలు బిడ్డా" అంది. నల్లమందు మొక్క గింజలే గసగసాలు. యూఏఈ, సౌదీల్లో వాటిని మాదకద్రవ్యాల కింద చూస్తారు. పొరపాటున తెచ్చామన్నా కేసు తప్పకపోవచ్చు. ఆ ప్యాకెట్‌ను ఇంటికి తిప్పి పంపాం.

మందులదీ ఇదే సంగతి. నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, నరాల నొప్పికి రాసే ప్రీగాబాలిన్, కోడీన్ కలిసిన దగ్గు మందు అక్కడ చాలా కట్టడిలో ఉంటాయి. ఉత్త చీటీ చూపిస్తే సరిపోదు. యూఏఈకి పోయేవాళ్లయితే అక్కడి ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలను కూడా షీట్ల నుంచి విడదీసి డబ్బాలో పోయకండి. మందు పేరు కనబడాలి, చీటీ వెంట ఉండాలి.

అపోహ: పక్కింటివాళ్లు ఇచ్చిన ప్యాకెట్ వద్దంటే బాగుండదు.

మీ బ్యాగులో ఏది దొరికినా జవాబు చెప్పాల్సింది మీరే. తీసుకుపోక తప్పదంటే మీ కళ్ల ముందే విప్పించి, మీ చేత్తో మళ్లీ కట్టండి. కుట్టేసిన సంచి, టేపు చుట్టిన డబ్బా ఎవరిచ్చినా పట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వదిలేయండి.

అపోహ: అక్కడంతా ఎండే.

కువైట్, రియాద్‌లలో జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు పడిపోతాయి. తెల్లవారకముందే కంపెనీ బస్సు కోసం నిలబడాలి. ఒక స్వెటర్, ఒక మఫ్లర్ పెట్టుకోండి. ఇక విమానంలో పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. ఎండు కొబ్బరి మాత్రం వద్దు, నూనె వల్ల నిప్పు అంటుకునే గుణం దానికి ఎక్కువ.

అపోహ: పాస్‌పోర్ట్, వీసా ఉంటే చాలు.

ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్ట్) మీద గల్ఫ్ పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. పోయినేడు ఒక చెల్లె నా దగ్గరికి వచ్చింది. భర్త సైట్‌లో పడిపోయాడు. ఆమెకు పాలసీ నంబరు తెలియదు, కంపెనీ పేరు సరిగ్గా పలకడం రాదు. కాగితాలన్నీ క్యాంపు గదిలో, ఆయన బ్యాగులో ఉన్నాయి.

అప్పటి నుంచి పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్టు, బీమా అన్నిటికీ రెండు సెట్ల జిరాక్స్ తీయిస్తున్నాను. ఒకటి బ్యాగులోకి. రెండోది భార్యకో, అమ్మకో ఇచ్చి, ఏ కాగితం దేనికో కూర్చోబెట్టి చదివి చెప్పమంటున్నాను.